మంచు కనుమలో తాళం లేని సత్రం

పునీత బెర్నార్డ్ అనగానే మన కథోలిక కుటుంబాలలో చాలామందికి క్లెయిర్వో మఠాధిపతి, మరియతల్లి మీద గొప్ప భక్తి గల బెర్నార్డ్ గారు గుర్తుకొస్తారు. పిల్లలకైతే మెడలో చిన్న పీపా వేలాడే పెద్ద కుక్క గుర్తుకొస్తుంది. ప్రియ పాఠకులారా, ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ మఠాధిపతి గురించి కాదు. ఆ కుక్కకు తన పేరు ఇచ్చిన మరో బెర్నార్డ్ గురించి. ఆయన పర్వతాలు ఎక్కేవారికి, మంచు మీద స్కీ బద్దలతో జారే క్రీడాకారులకు, కొండలలో కాపురముండే వారికి పాలక పునీతుడు.

ముందుగా ఒక మాట. మన భాషలో మంచు అనే పదానికి పని ఎక్కువ. డిసెంబరు నెలలో తెల్లవారుజామున పూజకు వెళ్లే దారిలో కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద నిలిచే బిందువూ మంచే. ఈ కథలో మంచు అంటే అవి కావు. ఆకాశం నుండి దూది పింజల్లా రాలి, నేల మీద పేరుకుని, మనిషి నిలువు లోతు దాటి, ఇంటి కిటికీలను కప్పివేసే మంచు. అందులో దారి తప్పినవాడు కూర్చుంటే నిద్ర వస్తుంది. ఆ నిద్ర నుండి లేవడు.

ఇటలీలోని ఆవోస్తా లోయకు, స్విట్జర్లాండులోని వలే ప్రాంతానికి నడుమ ఆల్ప్స్ పర్వతాలలో ఒక కనుమ ఉన్నది. ఎత్తు 2,469 మీటర్లు, అంటే ఎనిమిది వేల అడుగుల పైమాటే. ఉత్తర ఐరోపా నుండి రోముకు వెళ్లేవారికి అది దగ్గర దారి. రోమనుల కాలంలో అక్కడ జూపిటర్ దేవుని గుడి ఉండేది. క్షేమంగా దాటినవారు మొక్కు చెల్లించి కంచు రేకులు వదిలి వెళ్లేవారు. తవ్వకాలలో అవి చాలా దొరికాయి. ఆ దారి ఎంత భయం పుట్టించేదో చెప్పడానికి ఆ రేకులే చాలు.

క్రైస్తవ యాత్రికుల కాలం వచ్చినా భయం తగ్గలేదు. 959లో ఇంగ్లండులోని కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతిగా నియమితులైన ఎల్ఫ్‌సీజ్ గారు, తమ పదవికి గుర్తుగా పోపుగారు ఇచ్చే పాలియం వస్త్రాన్ని అందుకోవడానికి రోముకు బయలుదేరి ఆల్ప్స్ దాటుతూ చలికి మరణించారు. పరివారమూ, గుర్రాలూ, ఉన్ని దుస్తులూ ఉన్న అగ్రపీఠాధిపతికే ఆ గతి పడితే, కాలినడకన వెళ్లే పేద యాత్రికుని సంగతి వేరే చెప్పాలా? చలి చాలదన్నట్లు ఆ శతాబ్దంలో సారసెన్ దండులు కనుమను ఆక్రమించి బాటసారులను దోచుకునేవి. 972లో క్లూనీ మఠాధిపతి పునీత మయోలుస్ వారినే బంధించి, పెద్ద మొత్తం పుచ్చుకున్నాకగాని విడిచిపెట్టలేదు. కనుమ దిగువన ఉన్న పాత మఠం కూడా వారి చేతిలో పాడుబడింది.

ఈ పరిస్థితులలో మన బెర్నార్డ్ వస్తారు. ఆయన బాల్యం గురించి చెప్పే కథ చాలా అందమైనది. అనెసీ సరస్సు ఒడ్డున మెంతోన్ కోటలో ప్రభువుల ఇంట పుట్టారనీ, తండ్రి బలవంతపు పెండ్లి నిశ్చయిస్తే ముందురోజు రాత్రి కిటికీలోంచి దూకి పారిపోయారనీ, దేవదూతలు పట్టుకుని క్షేమంగా దించారనీ అంటారు. ఆ కోట ఇప్పటికీ ఉంది. అయితే ఈ కథ రాసినవారు ఆయన తరువాత కొన్ని వందల ఏండ్లకు పుట్టినవారు. చరిత్రకారులు దీనిని నమ్మరు. ఆయన పుట్టిన సంవత్సరం 923 అని పాత పుస్తకాలలో కనిపించేది కూడా ఆ కథ నుండి వచ్చినదే, అది దాదాపు నూరేండ్లు ముందుకు జరిగిన లెక్క. నిజానికి ఆయన పదకొండవ శతాబ్దపు మనిషి. నాకు మాత్రం ఆ కిటికీ కథ లేకపోయినా ఆయన గొప్పతనానికి లోటు కనిపించదు.

నిశ్చయంగా తెలిసినది ఇంత. ఆయన ఆవోస్తా మేత్రాసనంలో ఆర్చ్‌డీకన్‌గా పనిచేశారు. అంటే పీఠాధిపతి గారి తరఫున విచారణలు చూడటం, పేదల సంగతి కనుక్కోవడం ఆయన బాధ్యత. మంచి ప్రసంగికుడు కూడా. ఆవోస్తా ఊరు ఆ కనుమ దిగువనే ఉంది. పైనుండి వచ్చేవారు ముందుగా చేరేది అక్కడికే. గడ్డకట్టిన వేళ్లతో, దోపిడీకి గురై ఒంటి మీద బట్ట లేకుండా, తోడు వచ్చిన వారిని మంచులో వదిలేసి దిగివచ్చే యాత్రికులు ఆర్చ్‌డీకన్ వాకిట్లోకే వచ్చేవారు. దిగువన ఉండి వారికి కట్టు కట్టి, అన్నం పెట్టి పంపితే ఎవరూ ఆయనను తప్పుపట్టేవారు కాదు.

ఆయన అలా చేయలేదు. సుమారు 1050 ప్రాంతంలో కనుమ శిఖరం మీదనే, గాలి అన్నిటికంటే గట్టిగా కొట్టే చోట, ఒక సత్రం కట్టించారు. దానికి బాటసారుల పునీతుడైన మిరా పీఠాధిపతి నికోలాసు వారి పేరు పెట్టారు. పడమటగా లిటిల్ సెయింట్ బెర్నార్డ్ అని పిలిచే ఇంకొక కనుమలోని సత్రాన్ని కూడా ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

శిఖరం మీదనే ఎందుకు? ఇక్కడ కొంచెం ఆగి ఆ కొండల వాతావరణాన్ని అర్థం చేసుకోవాలి. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత అర డిగ్రీకి పైగా పడిపోతుంది. లోయలో వాన కురుస్తున్నప్పుడు పైన మంచు పడుతుంది. రెండు శిఖరాల నడుమ ఇరుకైన సందు కాబట్టి గాలి కొలిమితిత్తిలోంచి వచ్చినట్లు వస్తుంది. చిత్రమేమిటంటే కనుమకు ఇటు ఒక వాతావరణం, అటు ఒక వాతావరణం. వాయవ్యం నుండి గాలి వీస్తే స్విస్ వైపు మంచు కుమ్మరిస్తుంది, ఆవోస్తాలో ఎండ కాస్తుంది. మధ్యధరా సముద్రం మీద అల్పపీడనం నిలిస్తే ఇది తారుమారు. దక్షిణపు వైపు మబ్బు గోడ కడుతుంది, ఉత్తరపు లోయలలోకి వెచ్చని పొడిగాలి దిగుతుంది. ఒక్కోసారి లోయలన్నీ పొగమంచు సముద్రంలో మునిగి ఉండగా పైన నీలాకాశం మెరుస్తుంది. కాబట్టి క్రింది ఊరిలో నిలబడి తలెత్తి చూసి పైన ఎలా ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇటు ఎండలో బయలుదేరినవాడు శిఖరం దాటగానే తుఫానులో అడుగుపెడతాడు. అటూ ఇటూ చూడగలిగేది, రెండు వైపులా వెళ్లేవారికి ముందుగా చెప్పగలిగేది, శిఖరం మీద కాపురమున్నవాడే.

ఇంకొక ప్రమాదం తుఫాను వెలిశాక వస్తుంది. మంచు పడేటప్పుడు గాలి ఊరికే ఉండదు. ఒక వాలు మీద పడినదానిని ఎత్తి రెండవ వాలు మీద పలకలా పేరుస్తుంది. కింద పాత మంచు, పైన కొత్త పలక, నడుమ బలహీనమైన పొర. ఆకాశం తేటపడుతుంది, ఎండ వస్తుంది, రెండు మూడు రోజులు ఆగి విసిగిన బాటసారి సంతోషంగా బయలుదేరుతాడు. వాలు మీద అతని అడుగుల బరువుకే ఆ పలక విరిగి మంచుచరియగా జారుతుంది. స్విస్ వైపు దారిలో ఒక పల్లానికి మృతుల లోయ అని పేరు రావడానికి కారణం ఇదే. చలికాలంలో ఆ సత్రంలోని గురువులు చేసిన పని మంచులోంచి మనుష్యులను తవ్వితీయడం మాత్రమే అని మనం అనుకుంటాం. ఎండ కాస్తున్న ఉదయం, పని మీద తొందరపడుతున్న మనిషిని ఈ రోజు వద్దు అని ఒప్పించడం అంతకంటే కష్టం. ఆగినవాడు బతికాడు. అతని పేరు ఏ లెక్కలోకీ రాలేదు.

బెర్నార్డ్ గారు తమ చివరి రోజులు సత్రంలో గడపలేదు. జర్మను చక్రవర్తి నాలుగవ హెన్రీ, ఏడవ గ్రెగోరి పాపుగారి మీదికి సైన్యంతో రోముకు వెళ్తూ 1081లో పావియా నగరంలో ఆగినప్పుడు, వృద్ధుడైన ఈ ఆర్చ్‌డీకన్ అక్కడికి వెళ్లి యుద్ధం మాని వెనుదిరగమని ఆయనను వేడుకున్నారని చెబుతారు. చక్రవర్తి వినలేదు. తిరుగు ప్రయాణంలో జబ్బుపడి బెర్నార్డ్ గారు నొవారా పట్టణంలో జూన్ 12న కన్నుమూశారు. అది 1081వ సంవత్సరమేనని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. జూన్ 15న అక్కడే భూస్థాపన జరిగింది. 1123లో నొవారా పీఠాధిపతి ఆయనను పునీతుల వరుసలో చేర్చారు. 1681లో పదకొండవ ఇన్నోసెంటు పాపుగారు దానిని ధ్రువపరిచారు.

ఆయన పోయినా సత్రం నిలిచింది. పునీత అగస్తీను వారి నియమావళిని అనుసరించే కానన్లు అనే మఠ గురువులు దానిని తొమ్మిది వందల ఏండ్లకు పైగా నడుపుతూ వస్తున్నారు. వారి దినచర్య పాత ప్రయాణికుల రాతల వలన బాగా తెలుసు. చలికాలం ప్రతి ఉదయం ఒకరు ఇటలీ వైపు, ఒకరు స్విస్ వైపు, రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని కొంత దూరం దిగి వచ్చేవారెవరైనా ఉన్నారేమో చూసేవారు. దారి పొడవునా మంచులో మునిగిపోకుండా పొడవాటి కర్రలు పాతేవారు. పొగమంచు కమ్మితే గంట మోగించేవారు, కన్ను కానరాని వేళ చెవి దారి చూపుతుందని. ఎవరినీ ఏ మతమని అడగలేదు, డబ్బు అడగలేదు. తలుపుకు తాళం వేయలేదు. ఆ ఎత్తులో ఆ చలికి గురువుల ఆరోగ్యం త్వరగా పాడయ్యేది. కొన్నేండ్లకే చాలామందిని కింది విచారణలకు పంపవలసి వచ్చేది. సత్రం పక్కనే చిన్న శవాల గది ఉండేది. రాతినేలలో గొయ్యి తీయడం కుదరదు కాబట్టి, దారిలో దొరికిన మృతదేహాలను అందులో ఉంచేవారు, చలికి పాడవకుండా ఉంటే బంధువులెవరైనా వచ్చి గుర్తుపడతారని. అన్నిసార్లూ గంట వినిపించలేదు. అన్నిసార్లూ మాట వినలేదు.

కుక్కల సంగతి చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. అవి సత్రానికి వచ్చింది పదిహేడవ శతాబ్దంలో. అంటే పునీత బెర్నార్డ్ వారు ఆ కుక్కలను చూడనే లేదు! మొదట కాపలాకు పెంచారు. మంచు కింద ఉన్న మనిషిని వాసన పట్టగలవనీ, దారి మరువవనీ తరువాత తెలుసుకున్నారు. వాటిలో బ్యారీ అనే కుక్క 1800 నుండి 1812 వరకు అక్కడ ఉండి నలభై మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధి. 1814లో అది చనిపోయాక దాని చర్మంతో చేసిన బొమ్మను బెర్న్ నగరంలోని మ్యూజియంలో ఉంచారు. మెడలో పీపా మాత్రం ఎడ్విన్ లాండ్‌సీర్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1820లో వేసిన బొమ్మ వలన లోకానికి పాకినది.

నాకు కుక్కల కంటే ఆసక్తి కలిగించేది 1817లో ఆ సత్రానికి చేరిన ఇంకొక అతిథి. అది భారమితి. జెనీవా నగరంలో మార్క్ ఓగుస్త్ పిక్తే అనే శాస్త్రవేత్త ఉండేవారు. సుమారు 400 మీటర్ల ఎత్తున ఉన్న జెనీవాలోనూ, దానికంటే రెండు వేల మీటర్లు ఎత్తున ఉన్న కనుమలోనూ ఒకే వేళకు గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి పోల్చితే వాతావరణం గుట్టు కొంత తెలుస్తుందని ఆయన ఆలోచన. కాని ఏడాది పొడవునా, ఒక్కరోజు కూడా తప్పకుండా, ఆ ఎత్తులో ఉండి పాదరసం చూసి రాసేవారెవరు? గురువులు సరేనన్నారు. 1817 సెప్టెంబరులో కొలతలు మొదలయ్యాయి. జపవేళలకు లేచే మనుష్యులకు గంట తప్పకుండా ఒక పని చేయడం కొత్తగాదు. పూజ ఆగలేదు, పుస్తకంలో అంకెలు ఆగలేదు. సముద్ర తీరంలో 76 సెంటీమీటర్లు నిలిచే పాదరసం అక్కడ సుమారు 56 దగ్గర నిలుస్తుంది. అది ఉన్న చోటు కంటే అది ఎంత వేగంగా పడుతోందన్నదే ముఖ్యమని చూసేవారు తెలుసుకున్నారు. గబగబా పడితే తుఫాను దగ్గరలో ఉన్నట్లు. ఇప్పుడు అక్కడ స్విస్ వాతావరణ శాఖ యంత్రాలు తమంతట తామే కొలుస్తున్నాయి. రెండు వందల ఏండ్లు దాటిన ఆ వరుస, ఎత్తయిన కొండలలో లోకంలోనే మిక్కిలి పాతవాటిలో ఒకటి. భూమి వేడెక్కుతోందా అని లెక్కించే శాస్త్రవేత్తలు ఈనాడు తెరిచి చూసే అంకెలలో ఆ గురువుల చేతిరాత కూడా ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దం చివరికి టెలిఫోను తీగ వచ్చింది. ఫలానావారు ఇప్పుడే బయలుదేరారని కింద నుండి పైకి, ఆగమని పై నుండి కిందికి చెప్పుకోగలిగారు. తరువాత గురువులే స్కీ బద్దలు కట్టుకున్నారు. 1964లో కొండ గుండా సొరంగం తెరిచాక వ్యాపారులకు, లారీలకు పై దారి అవసరం తీరిపోయింది. ఇక ఆ కొండకు వచ్చేవారు ఆట కోసం వచ్చేవారే. సొరంగం ఉత్తర ద్వారం దగ్గర 1963 నుండి 2010 దాకా ఒక స్కీ కేంద్రం నడిచింది.

స్కీ కేంద్రానికి కావలసిన వాతావరణ సూచన నగరానికి కావలసినదాని వంటిది కాదు. రేపు వాన వస్తుందా అంటే చాలదు. ఏ ఎత్తు వరకు వాన, ఏ ఎత్తు నుండి మంచు? రాత్రి ఎన్ని సెంటీమీటర్లు పడింది? శిఖరం మీద గాలి ఎటు నుండి ఎంత వేగంతో వీచింది, ఏ వాలు మీద పలక పేర్చింది? మధ్యాహ్నానికి ఎండ ఏ వాలును మెత్తబరుస్తుంది? తెల్లవారకముందే సిబ్బంది ఇవన్నీ చూసి, అనుమానమున్న వాలు మీద మందుగుండు పేల్చి చరియను ముందే దింపి, ఆ తరువాతనే జనాన్ని వదులుతారు. దావోస్ పట్టణంలోని మంచు పరిశోధన సంస్థ చలికాలంలో ప్రతి సాయంకాలం, మరల ఉదయం చరియల హెచ్చరిక విడుదల చేస్తుంది. ఐరోపా దేశాలన్నీ 1993లో ఐదు అంచెల కొలతకు ఒప్పుకున్నాయి. నాలుగు, ఐదు అంచెలు ప్రకటించిన రోజున జనం భయపడి ఇంట్లో ఉంటారు. మూడవ అంచె రోజునే ఎక్కువమంది చనిపోతున్నారు. ఎండ బాగుంటుంది, మంచు తెల్లగా ఉంటుంది, మూడే గదా అనుకుంటారు. మృతుల లోయలో పూర్వపు బాటసారి చేసిన పొరపాటు ఇదే కదా!

ఆ పొరపాటు చేయకుండా ఆగి నిలబడిన ఒక గురువు కథ కూడా ఇక్కడ చెప్పాలి. మిలాను గ్రంథాలయంలో పనిచేసే అకిల్లె రత్తి గారు మంచి పర్వతారోహకులు. 1889 జూలైలో తూర్పు ముఖం నుండి మోంతె రోజా ఎక్కుతూ 4,600 మీటర్ల దాపున చీకటి పడింది. తొందరపడి దిగలేదు. తోటివారితో కలిసి ఇరుకైన రాతి అంచు మీద, నిద్రపోకుండా ఒకరినొకరు హెచ్చరించుకుంటూ రాత్రంతా గడిపి, తెల్లవారాక ముందుకు సాగారు. 1922లో ఆయన పదకొండవ పయస్ పాపుగారు అయ్యారు. బెర్నార్డ్ వారికి పునీత పట్టం వచ్చిన 800 ఏండ్లకు, 1923 ఆగస్టు 20న, ఆల్ప్స్ వాసులకు, పర్వతారోహకులకు ఆయనను పాలక పునీతునిగా ప్రకటించారు. కొండ మీద చలి రాత్రి అంటే ఏమిటో ఒంటితో తెలిసిన పాపుగారు చేసిన ప్రకటన అది.

ఆ కానన్లు మన ఖండానికి కూడా వచ్చారు. టిబెట్ సరిహద్దులో, చైనాలోని యునాన్ కొండలలో ఇటువంటి సత్రమే కట్టడానికి 1930లలో వారిని పిలిపించారు. వారిలో మోరిస్ టోర్నే గారు 1949 ఆగస్టు 11న ఒక కనుమ దారిలో కాల్పులకు గురై వేదసాక్షిగా మరణించారు. రెండవ జాన్ పాల్ పాపుగారు 1993లో ఆయనను ధన్యులుగా ప్రకటించారు.

పాత కాలెండర్లలో పునీత బెర్నార్డ్ పండుగ మే 28న కనిపిస్తుంది. కనుమలోని గురువులు మాత్రం ఆయన భూస్థాపన జరిగిన జూన్ 15నే జరుపుకుంటారు. పైకి వెళ్లే రోడ్డు అక్టోబరు మొదలు మూసే ఉంటుంది. చలికాలంలో సత్రానికి వెళ్లదలచినవారు ముందు ఫోను చేసి దారి ఎలా ఉందో అడిగి, స్కీల మీదనో, మంచు చెప్పులతోనో సొరంగం వైపు నుండి ఎక్కవలసిందే. గురువులలో కొందరు పర్వత మార్గదర్శకులుగా శిక్షణ పొందినవారు, వారే దగ్గరుండి తీసుకువెళ్లడమూ ఉన్నది. జూన్ పండుగ నాటికి యంత్రాలతో మంచు కోసి రోడ్డు తెరిచి ఎన్నో రోజులు కాదు. సత్రం ముందున్న చిన్న సరస్సు మీద ఇంకా మంచుగడ్డ తేలుతూనే ఉంటుంది.